ఓడకు జెండా ఊపినవారు

"ఈ ఆదివారం భూమి అంతం! ఆవిష్కరించువారు మన ప్రియతమ నాయకులు, నియోజకవర్గ ఇన్‌ఛార్జి హరిబాబు గారు! అందరూ ఆహ్వానితులే!" అని మైకు పెట్టుకున్న ఆటో మార్కాపురమంతా తిరిగింది. ఇంత బరువైన బాధ్యత ఆయన తప్ప ఇంకెవరు మోయగలరు?

విషయమేమిటంటే, మా వీధిలో ఇంటర్ చదివే మనోజ్ఞ ఆ పేరుతో ఒక నవల రాసింది. అందులో భూమ్మీద చివరి బోరు కూడా ఎండిపోతుంది. జనమంతా గొడ్డూ గోదాతో సహా దొనకొండలో అంతరిక్ష ఓడ ఎక్కి వేరే గ్రహానికి వెళ్ళిపోతారు. అచ్చు వేసింది నా ప్రెస్సులోనే. పెళ్ళిపత్రికలు, పార్టీ కరపత్రాలు తప్ప మరొకటి ఎరగని నా మిషను మొదటిసారి పుస్తకం వేసింది. ఆ పిల్ల నన్ను కోరింది ఒక్కటే: "కథ మాత్రం మార్చొద్దు మామా."

ఆవిష్కరించే పుస్తకాన్ని చదివే దురలవాటు హరిబాబు గారికి లేదు. కానీ ఈసారి ఎవరో ఆయన చెవిన వేశారు. శనివారం పొద్దున్నే, మనోజ్ఞ నా దగ్గర ఉండగానే ప్రెస్సుకు వచ్చేశారు.

"ఏంది పాపా, మా పార్టీ అధికారంలో ఉండంగా భూమి ఎట్ల నాశనమైతాది?"

"నీళ్ళు లేక, పెదనాయనా."

"నీళ్ళ సంగతి మేము చూస్తాండాం గదా!"

"మా అవ్వ పెళ్ళప్పటి నుంచి చూస్తానే ఉండారు."

ఈ మాటను ఆయన మెచ్చుకోలుగానే తీసుకున్నారు. "సరే, నాశనం కానీ. ఇంతకూ ఓడలో నేను యాడున్నా?"

మనోజ్ఞ నావైపు చూసింది. నేను మిషను వైపు చూశాను.

"మీరు లేరు పెదనాయనా."

"నేను లేకుండా ఈడ కొత్త బస్సన్నా కదిలిందా? నన్ను పెట్టకపోతే ఆవిష్కరణ లేదు, హాలూ లేదు."

పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు ఒళ్ళు మండింది. కానీ ఎన్నికలు దగ్గర్లో ఉన్నాయి, కరపత్రాలు ఆయన నా దగ్గరే వేయించాలి. అందుకని నవ్వాను.

మనోజ్ఞ కాసేపు ఆలోచించి కళ్ళు తుడుచుకుంది. "ఓడకు జెండా ఊపేది మీరే పెదనాయనా. చివరి పేజీలో పెడతా."

"పెద్ద జెండానే గదా?"

"పెద్దదే."

"దండ?"

"గజమాల."

హరిబాబు గారు పొంగిపోయారు. మధ్యాహ్నానికల్లా చివరి పేజీ మళ్ళీ అచ్చు కొట్టాను.

ఆదివారం సభలో ఆయన మిగతా పుస్తకం జోలికి పోకుండా ఆ పేజీనే మైకులో చదివారు. "గజమాల ధరించిన హరిబాబు గారు జెండా ఊపారు. అందరూ ఎక్కిన ఓడ పైకి లేచి, మబ్బులు దాటి కనుమరుగైంది. ఆయన కింద నిలబడి జెండా ఊపుతూనే ఉన్నారు."

అక్కడ ఆగిపోయారు. నా కరపత్రాలు పోయినట్టే అనుకున్నాను.

"పాపా, అందరూ పోయినారా?"

"అందరూ."

"అవతలి పార్టీ వాళ్ళు గూడా?"

"వాళ్ళు ముందే ఎక్కేసినారు పెదనాయనా."

ఆయన మొహం వెలిగిపోయింది. "అంటే, భూగోళానికంతా నేనే ఏకగ్రీవం!"

కార్యకర్తలు టపాసులు కాల్చారు. ఆయన ఊరేగింపుకని జీపెక్కి, చెయ్యి ఊపుతూ వెనక్కి తిరిగి చూశారు. వెనక ఎవరూ లేరు. కార్యకర్తలతో సహా జనమంతా మనోజ్ఞ చుట్టూ మూగి, ఓడలో కిటికీ పక్క సీటు అడుగుతున్నారు.