మిగిలిపోయిన తీగ

ఆ ఉదయం అల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఒక్క స్విచ్చు మార్చాలి. భోజనం వేళకి పని ముగించి, గదిలో తలుపేసుకుని హాయిగా పిల్లనగ్రోవి వాయించుకోవాలి. దానికోసమే ఆఫీసుకి సెలవు పెట్టాడు.

మేడ మీది గదిలో మామగారు వేసుకున్న పథకమూ చిన్నదే. ఒక్క స్విచ్చు మార్చాలి.

ఇద్దరి పథకాలూ రహస్యం. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆ ఇంట్లో మామా అల్లుళ్లు మాట్లాడుకోరు. రెండేళ్ల క్రితం ఒక చెక్క బీరువాని మేడ ఎక్కిస్తూ ఉండగా, మెట్ల మలుపులో పైనుంచి మామగారు ఎడమకి వంచమన్నారు. కిందనుంచి అల్లుడు కుడికే వంచాలన్నాడు. ఎవరి మాట వాళ్లు నెగ్గించుకున్నారు. బీరువా మలుపులో ఇరుక్కుపోయింది. పైకి పోదు, కిందికి రాదు. ఇల్లాలు అందులో దుప్పట్లు సర్దుకుంది. మిగతావాళ్లు కడుపు లోపలికి పీల్చుకుని దాని పక్కనుంచి వెళ్లడం నేర్చుకున్నారు. మాటలు కూడా బీరువాతో పాటే అక్కడ ఆగిపోయాయి. అప్పటినుంచి ఇద్దరి మధ్య కబుర్లన్నీ ఆమె మీదుగానే నడుస్తున్నాయి.

"అమ్మాయ్, మీ ఆయన్ని ఆ ఉప్పు ఇటు తోయమను."

"ఉప్పు మీ నాన్న మోచేతి పక్కనే ఉందని చెప్పు."

"నా మోచెయ్యి నాకు కనబడదని చెప్పు."

ఆమె చెప్పలేదు. ఉప్పు డబ్బా తీసి మధ్యలో పెట్టింది. ఆసుపత్రిలో ఆమె ఫిజియోథెరపిస్టు. పడ్డవాళ్లని లేపి నడిపించడం ఆమె ఉద్యోగం కాబట్టి, పడబోయేవాళ్లు ఎలా ఉంటారో ఆమెకి చూడగానే తెలుస్తుంది.

"నాన్నా, నిన్న చీకట్లో బీరువాకి మోకాలు కొట్టుకున్నావు. రేపు తుంటి విరుగుతుంది. సాయంత్రం నేనొచ్చేసరికి ఆ మెట్ల దీపం వెలగాలి. వెలగలేదా, నీ మంచం కింద గదిలోకి దిగుతుంది."

రెండు చెంచాలు గాల్లో ఆగిపోయాయి.

కింద గది అంటే అల్లుడి పిల్లనగ్రోవి గది. లోకంలో అతను మనశ్శాంతిగా తప్పుగా వాయించగల చోటు అదొక్కటే. ఇక మామగారు రిటైరైన డ్రాయింగ్ మాస్టారు. మేడ గదికి రెండు వైపులా కిటికీలు, బొమ్మలు వేసుకోవడానికి చక్కటి వెలుతురు. మధ్యలో ఒక అంతస్తు అడ్డున్నా ఆ వేణుగానానికి చెవుల్లో దూది పెట్టుకుంటున్న మనిషి. ఒకే గదిలో అంటే దూది చాలదు.

"ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేశా. వచ్చేశా అన్నాడు," అంది ఆమె చెప్పులేసుకుంటూ.

ఇద్దరి ఆశా అడుగంటింది. ఆ ఎలక్ట్రీషియన్ని వీధిలో అందరూ 'వచ్చేశా' అనే పిలుస్తారు. ఎప్పుడు ఫోన్ చేసినా ఆ మాటే అంటాడు. తలంటుకుంటూ కూడా అంటాడు. అతను వచ్చేశా అన్నాడంటే ఆ వారానికి రాడని లెక్క.

మెట్ల దీపం ఒక్కటే, స్విచ్చులు రెండు. ఒకటి మెట్ల కింద, రెండోది మేడ మీద మామగారి గుమ్మం పక్కన. ఎక్కేవాళ్లు కింద వేసుకుని పైన ఆర్పుకోవచ్చు, దిగేవాళ్లు పైన వేసుకుని కింద ఆర్పుకోవచ్చు. ఇప్పుడు రెండూ అరిగిపోయి ఉన్నాయి. లోపమంతా కింది స్విచ్చులోనే ఉందని అల్లుడు తేల్చుకున్నాడు. పైదే అసలు దొంగ అని మామగారు. ఎదుటివాడి చేతిలో పని పడితే ఇల్లు తగలబడుతుందన్న విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకటే అభిప్రాయం.

అల్లుడు ముందు వెళ్లి కొట్లో స్విచ్చు కొనుక్కొచ్చాడు. అతను గదిలో తలుపు వేసుకుని ఫోన్లో వీడియో చూస్తుండగా, మామగారు చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగి అదే కొట్టుకి వెళ్లారు.

"ఏ స్విచ్చండీ?" అన్నాడు కొట్టువాడు.

"దీపానికి వేసేది. ఇందులో ఇంకేం రకాలుంటాయయ్యా?"

"చాలా ఉంటాయి. ఇందాక ఒకాయన కూడా ఇలాగే కసిరాడు. ఇదిగో, ఆయనకిచ్చినదే మీకూ ఇస్తున్నా."

వీడియోలో మనిషి మెయిన్ ఆపి, స్విచ్చు విప్పి, నవ్వాడు. లోపల రెండు తీగలున్నాయి. అల్లుడు వీధి తలుపు పక్కనున్న మెయిన్ ఆపి, స్విచ్చు విప్పాడు. లోపల మూడు ఉన్నాయి. కొత్త స్విచ్చుకి చూస్తే స్క్రూలు రెండే.

అతను మూడో తీగని కాసేపు అనుమానంగా చూశాడు. ఇల్లు కట్టినవాడు ఏదో దుబారా మనిషి అయ్యుంటాడనుకున్నాడు. మిగిలిన తీగకి టేపు చుట్టి, గోడలోకి తోసేశాడు.

మేడ మీద ఫ్యాను ఆగింది. "కరెంటు పోయింది! ఇదే అదను," అనుకున్నారు మామగారు. ఆయన పద్ధతైన మనిషి. స్విచ్చు విప్పి, తీగలు ఊడదీసే ముందు లోపల ఏది ఎక్కడుందో పెన్సిల్‌తో బొమ్మ వేసుకున్నారు. అద్భుతమైన బొమ్మ. స్క్రూల మీద వెలుగు, తీగల కింద నీడ, అన్నీ ఉన్నాయి. ఎటొచ్చీ పెన్సిల్ కదా, ఎర్ర తీగా, పసుపు తీగా, నల్ల తీగా బొమ్మలో ఒకే రంగులో వచ్చాయి. అందులో ఏ రెండిటిని బిగించాలో తేలక, బొమ్మలో బాగా కుదిరిన రెంటినీ ఎంచుకున్నారు. బిగించిన స్క్రూ మీద వేలు ఆనించి, మూడోదానికి టేపు చుట్టబోతుండగా కింద అల్లుడు మెయిన్ వేశాడు.

మేడ మీంచి ఒక కేక వినబడింది.

అల్లుడు అదిరిపడ్డాడు. మెట్ల దగ్గరికి పరిగెత్తి, నోరు తెరిచి, మూసేశాడు. రెండేళ్ల పట్టుదల ఊరికే పోతుందా? భార్యకి ఫోన్ చేశాడు.

"మీ నాన్న అరిచారు. ఏమైందో కనుక్కో."

ఆమె ఒక పెద్దాయన మోకాలు వంచుతోంది. ఫోన్ భుజానికి ఆనించి తండ్రికి చేసింది.

"నాన్నా, అరిచావట?"

"ఎవరు చెప్పారు? తుమ్మాను." వేళ్లు విదిలించుకుంటూ అన్నారాయన.

"తుమ్మారటండీ."

"తుమ్ములో 'ఓరి నాయనో' అని వినబడుతుందా?" అన్నాడు అల్లుడు. ఎందుకైనా మంచిదని మెయిన్ మళ్లీ ఆపాడు. తన బిగింపు ఇంకోసారి చూసుకుని, వేశాడు. ఆలోగా పైన పని పూర్తయింది.

అల్లుడు కింది స్విచ్చు నొక్కాడు. దీపం వెలగలేదు. బల్బే పోయిందనుకుని, స్విచ్చు అలాగే వదిలేసి పెరట్లోకి నిచ్చెన కోసం వెళ్లాడు. అప్పుడు మామగారు పైన నొక్కారు. వెలిగింది! ఆయన పొంగిపోయి కూతురికి ఫోన్ చేశారు.

"అమ్మాయ్, దీపం బాగుచేశా. మీ ఆయనకి చెప్పకు, సాయంత్రం నేనే వెలిగించి చూపిస్తా." అని చేతులు కడుక్కోవడానికి వెళ్లారు.

నిచ్చెనతో వచ్చిన అల్లుడికి మెట్ల మీద వెలుగు కనిపించింది.

"బాగుచేసేశా!" అన్నాడు ఫోన్లో. "మీ నాన్నకి చెప్పకు. సాయంత్రం ఆయన మొహం చూడాలి." ఆనందం పట్టలేక స్విచ్చు ఒకసారి ఆర్పాడు, వేశాడు, మళ్లీ ఆర్పి, మంచినీళ్లు తాగడానికి వెళ్లాడు.

మామగారు తుడుచుకుంటూ వచ్చి చూస్తే చీకటి. తన స్విచ్చు ఆర్పారు, వేశారు, ఆర్పారు. చీకటే. ఇంకో నిమిషానికి అల్లుడు వచ్చి తనది వేశాడు. చీకటే.

"అమ్మాయ్, పోయింది."

"ఏమే, పోయింది."

బల్లమీది పెద్దాయన తన మోకాలి సంగతి ఎప్పుడో మరిచిపోయాడు. "ఇప్పుడు వెలిగిందామ్మా?" అన్నాడు ఆత్రంగా.

"వెలిగి పోయిందండీ."

"పైవాడిదా, కిందవాడిదా?"

"ఇద్దరిదీ."

ఆమె ఇద్దరికీ మాట ఇచ్చింది, కాబట్టి ఎవరికీ ఏమీ చెప్పలేదు. చివరి పేషెంటుని పంపించి, స్కూటర్ తీసి, నేరుగా వచ్చేశా ఇంటికి వెళ్లింది. అతను వీధరుగు మీద కూర్చుని వేరుశెనక్కాయలు తింటున్నాడు.

"ఇదిగో మేడం, వచ్చేశా..."

"వద్దు, నేనే వచ్చేశా. ఎక్కు."

ఇంటి దగ్గర అల్లుడు నిచ్చెనని కిందనుంచి బీరువాకి ఆనించి, బల్బు కోసం పైకెక్కాడు. అదే సమయంలో మామగారు పై మెట్టు మీద ముక్కాలి పీట వేసుకుని, బీరువా మీదుగా బల్బు కోసం చెయ్యి చాచారు. ఆ మెట్లకి కిటికీ లేదు. మధ్యలో నిలువెత్తు బీరువా. చీకట్లో బల్బు ఉండాల్సిన చోట ఇద్దరికీ ఒక చెయ్యి తగిలింది. వెచ్చటి, వెంట్రుకలున్న చెయ్యి.

ఇద్దరూ కలిసి పెట్టిన కేకకి బీరువా కదిలింది. రెండేళ్లుగా నలుగురు మనుషులు తోసినా కదలనిది, మెల్లగా, పెద్దమనిషిలా, కిందికి బయలుదేరింది. కింద నిచ్చెన మీద అల్లుడున్నాడు.

"మామయ్యా!"

రెండేళ్ల తర్వాత మొదటి మాట. మామగారు పీట మీంచి దూకి బీరువా మెడ పట్టుకున్నారు.

"పట్టుకున్నా, పట్టుకున్నా! నువ్వు దిగు! నీకేం కాలేదు కదా?"

"నిచ్చెన పోయింది, నేనున్నా. భుజం ఆనించా. మామయ్యా, మీరు వదిలితే నేను పచ్చడే!"

"వదలనయ్యా! ఎటు వంచమంటావో చెప్పు!"

"మీరన్నట్టే ఎడమకి!"

"ఎడమకెందుకు? అప్పుడు నువ్వన్నదే రైటు. కుడికి వంచుతున్నా!"

"అయ్యో, కాదు, మీ మాటే రైటు, నేను ఎడమకి..."

ఈసారి ఎవరూ తమ మాట నెగ్గించుకోలేదు. ఎదుటివాడి మాటే నెగ్గించారు. బీరువా ఒక మెట్టు దిగి, మునుపటికన్నా గట్టిగా ఇరుక్కుపోయింది.

వీధి తలుపు తెరుచుకుంది. చీకట్లో బీరువాకి ఆ పక్కొకరు, ఈ పక్కొకరు ఆయాసపడుతూ ఒకరి యోగక్షేమాలు ఒకరు అడుగుతుంటే ఆమె గుమ్మంలో నిలబడి కాసేపు వింది.

వచ్చేశా కింది స్విచ్చు ఒకసారి ఆర్పి, మళ్లీ వేశాడు. చీకటి. "పైది వెయ్యండి మాస్టారూ!" అని అరిచాడు. మామగారు ఎక్కి, వేశారు. మెట్ల నిండా వెలుగు. రెండు స్విచ్చులూ విప్పి చూసి, రెండు చోట్లా టేపు చుట్టిన తీగని బయటికి లాగాడు.

"ఇలాంటి చోట మూడు స్క్రూల స్విచ్చు వేస్తారండీ. మీరు ఇద్దరూ రెండు స్క్రూలది వేశారు, ఇద్దరూ ఒక తీగ మిగిల్చారు. పైగా ఇద్దరూ మిగిల్చింది ఒకటే తీగ, రెండు కొసలు! వేర్వేరు తీగలు మిగిల్చుంటే అసలు వెలిగేదే కాదు. ఇప్పుడు పైదీ కిందదీ రెండూ వేస్తేనే వెలుగుతుంది. ఎవరు ఆర్పినా ఆరిపోతుంది. సరైనవి తెచ్చి చిటికెలో మార్చేస్తా."

"వద్దు," అంది ఆమె.

ముగ్గురు మగవాళ్లూ ఆమెకేసి చూశారు.

"సాయంత్రానికి దీపం వెలగాలన్నాను, వెలిగింది. నాన్నా, నీ మంచం పైనే ఉంటుంది. దిగాలంటే ఆయన్ని పిలు, వేస్తారు. ఏవండీ, మీరు ఎక్కాలంటే నాన్నని పిలవండి, వేస్తాడు. నన్ను మాత్రం ఎవరూ పిలవొద్దు."

ఆ మాట మీదే ఇల్లు నడుస్తోంది. "మామయ్యా, వేశారా?" అని కింద వినబడితే, "వేశానయ్యా, నువ్వు కాళ్ల కింద చూసుకో" అని పైన వినబడుతుంది. ఒక్కోసారి దీపం వెలిగాక కూడా మాటలు ఆగవు. పిల్లనగ్రోవిలో ఎక్కడ గాలి పోతోందో మామగారు చెబుతున్నారు, అల్లుడు వింటున్నాడు. ఆమె ఫోన్ పగలంతా మోగడం లేదు.

ఒకరు తన స్విచ్చుని ఎప్పుడూ వేసే ఉంచితే, రెండోవారు ఎవరినీ పిలవకుండా దీపం వేసుకోవచ్చు. ఈ సంగతి మామగారు మర్నాడే కనిపెట్టారు, అల్లుడు అంతకుముందే కనిపెట్టాడు. పని కాగానే ఎవరి స్విచ్చు వాళ్లు జాగ్రత్తగా ఆర్పేసి మరీ వెళుతున్నారు.