అప్పర్ హ్యాచ్ పారిష్ విలీన విజయము

హిమకిరీటధారిణియై, ఉప్పు చల్లిన రహదారులచే ధవళరేఖాంకితయై, నీరెండలో తళతళలాడు మిషిగన్ సీమయందు, ఫార్మింగ్టన్ హిల్స్ అను శాఖానగరమున, మాఘమాసపు శనివారమున, ఉప్మా పళ్ళెములు తీసివేసిన భోజనపుబల్లయే రణరంగమైన ఒక మహాసంగ్రామమును చెప్పెదను; కాఫీ చల్లారకమునుపే కూర్చుండి వినుడు.

ఆ రణమునకు నాయిక నళిని. కమ్యూనిటీ కాలేజీలో పార్ట్‌టైముగా ఇంగ్లండు చరిత్ర బోధించు విదుషీమణి. సోమవారమునాడు విభాగాధిపతి స్వయముగా వచ్చి ఆమె క్లాసులో కూర్చుండనుండెను. పాఠము నచ్చెనా, ఉద్యోగము స్థిరము. నచ్చలేదా, ప్రతి సెమిస్టరుకు మునుపటి ఎదురుచూపులే. పాఠమో, వినినంతనే ఆవులింత పుట్టించునది: ఒక్కొక్క చర్చి చుట్టును అల్లుకొన్న పారిష్‌లనబడు పల్లెప్రాంతములను గుంపులుగా చేర్చి, పూర్ లా, అనగా బీదల చట్టపు, యూనియన్లుగా కట్టిన విధము. అంతవరకు ఏ పారిష్ బీదలను ఆ పారిష్షే పోషించుకొనెడిది. 1834 నాటి చట్టము పిమ్మట పలు పారిష్‌లు కూడి ఉమ్మడిగా, బీదలచే పనిచేయించి కూడుపెట్టు వర్క్‌హౌసును నడుపవలసి వచ్చెను.

ఆవులింత యను జృంభణాసుర సంహారార్థము నళిని సీరియల్ డబ్బాలను కత్తిరించి ఒక ఊహాజనిత జిల్లాను సృజించెను. అట్టముక్కలు పారిష్‌లు, ఆవకాయ సీసాల మూతలు సంతపట్టణములు, నీలి ఉన్నిదారము నది.

అప్పుడేతెంచెను ఆమె పతి నరసింహము, ఆటో కంపెనీ సస్పెన్షన్ విభాగ ధురంధరుడు, మిషిగన్ రహదారి గుంతల గర్వభంజనుడు.

"ఇదేముంది నళినీ, ఈక్వల్‌గా డివైడ్ చేసేస్తే అయిపోతుంది," అని క్షణకాలమున ముక్కలన్నిటిని మూతలచుట్టు సమభాగములుగా పేర్చెను.

నళిని తల అడ్డముగా ఊపెను. "ప్రతి పారిష్ బీదల బాగోగులు చూసే గార్డియన్‌ని ఒకణ్ణి ఎన్నుకుంటుందండీ. ఆయన టౌన్‌లో మీటింగ్ అటెండ్ చేసి, చీకటి పడేలోగా ఇంటికి చేరాలి. సంతకి ఎలాగూ వస్తాడు కదా అని సంత ఊళ్ళ చుట్టూ యూనియన్లు కట్టారు. మీరేమో ఈ మూల ఉన్నవాణ్ణి ఆ మూలకి పంపించారు."

ప్రత్యుత్తరమీయ నోరు తెరచిన ఆ వీరుని నాసికారంధ్రములను, పొయ్యిమీది పప్పు తాలింపున మాడిన ఎండుమిరప ఘాటు ముట్టడించెను. ప్రళయకాల మేఘగర్జనమును తలపించు తుమ్ము ఒకటి వెడలెను. పారిష్‌లు పక్షులై ఎగిరెను. అన్నియు దొరకెను, అప్పర్ హ్యాచ్ అను ముక్క మాత్రము ఫ్రిజ్ క్రిందికి చొచ్చి అంతర్ధానమాయెను.

"వదిలేయ్," అనెను నరసింహము ముక్కు తుడుచుకొనుచు. "ఒక్క పారిష్. ఎవరు నోటీస్ చేస్తారు?"

నళిని నెమ్మదిగా మాటలాడెను. "అప్పర్ హ్యాచ్‌లో కాలు విరిగిన కూలీ ఉంటాడు. మొగుడు పోయినావిడ ఉంటుంది. వర్క్‌హౌస్ గొప్ప చోటేం కాదు, భార్యాభర్తల్ని కూడా విడదీసేవాళ్ళు. అయినా వీళ్ళు ఫలానావాళ్ళ బాధ్యత అని ఎవరో ఒకరు అనాలి కదండీ. మ్యాప్‌లోంచే జారిపోతే ఇంక వాళ్ళ మాట ఎవరెత్తుతారు?"

ప్రతి సెమిస్టరును షెడ్యూలులో తన పేరున్నదో లేదో అని వెదకి వెదకి అలసిన కన్నులవి. నరసింహము వాటిని చూచెను. అట్లకాడను ధరించెను. ప్రతి ఉగాదికిని తెలుగు సంఘపు నాటకమున రాజవేషము కట్టు ఆ మహానుభావుడు వంటింటి నేలపై బోర్లగిలపడి, రంగస్థల కంఠమున ఇట్లు గర్జించెను:

"ఓయీ రిఫ్రిజిరేటరూ, శరణార్థియైన పారిష్‌ను విడువుము. విడువవా, నీ ప్లగ్గు పీకెదను. నీ గర్భమందలి పెరుగు పులిసిపోవును గాక."

నళిని ఫక్కున నవ్వెను. అట్లకాడ ఎండు బఠాణీని ఈడ్చెను, తుప్పుపట్టిన అయస్కాంతమును ఈడ్చెను, ధూళిపటలమును ఈడ్చెను. తుదకు బూజు కిరీటముతో అప్పర్ హ్యాచ్ వెలువడెను.

"ఇప్పుడు ఇది ఏ యూనియన్‌లోకి?" అని అడిగెను విజేత, రొప్పుచు.

నళిని దానిని ఊది, ఏ మూతకును చేర్పక చేతనే ఉంచుకొనెను. "నేను చెప్పను. క్లాస్‌నే అడుగుతాను."

సోమవారమున అట్లే అడిగెను. బల్లచుట్టును విద్యార్థులు మూగిరి. తొలుత నవ్విరి, పిదప వాదించుకొనిరి. ఊరక చూడజాలక విభాగాధిపతి తానే లేచివచ్చి, అప్పర్ హ్యాచ్‌ను అందుకొని, అతిసమీపమున నున్న బ్రామ్‌ఫర్డ్ అను సంతపట్టణపు మూత ప్రక్కన ధీమాగా నుంచెను.

ఆ సెమిస్టరున అంతవరకు నోరు విప్పని కౌస్తుభ్ అను విద్యార్థి వెనుకనుండి పలికెను: "ప్రొఫెసర్, మధ్యలో రివర్ ఉంది. బ్రిడ్జ్ లేదు. గార్డియన్ ఇంటికెలా వెళ్తాడు?"

విభాగాధిపతియగు ఆ మహిళ నీలిదారమును చూచెను, మూతను చూచెను. చెవులు ఎఱ్ఱబడెను. మెల్లగా ముక్కనెత్తి, దూరమైనను నది అడ్డములేని వెల్టన్ పట్టణపు మూతకు చేర్చెను. క్లాసంతయు చప్పట్లు కొట్టెను.

పాఠము ముగిసినపిదప తలుపుకడ విభాగాధిపతి నళినితో, "ఫాల్ సెమిస్టర్‌లో మీకే సెక్షన్లు కావాలో చెప్పండి. ఇక ప్రతిసారీ అడగక్కర్లేదు, మీరు పర్మనెంట్," అనెను. నళిని తలయూపెను.

జిల్లాలు గెలిచిన రాజులుండిరి, సముద్రములు దాటిన సేనలుండెను. కాని సకల దిక్కులును వినుగాక: బొటనవ్రేలెడు సీరియల్ డబ్బా ముక్క యొకటి, నదిలో కాలు తడుపుకొనక, ఆవకాయ మూత చెంత చేరినది, చేరి నిలిచినది.