మా గుమ్మం ముందు నాలుగు టేబుళ్ళు

మీ గుమ్మం ముందు రెస్టారెంటు లేదా? అయ్యో పాపం! మరి మీకు రోజెలా గడుస్తోంది?

వెటకారం అనుకోకండి. మనిషికి తల మీద కప్పు, నోట్లో నాలుగు పళ్ళు ఎంత అవసరమో, ఇంటి గుమ్మానికి వీపు ఆనించి టూరిస్టులు భోంచేయడం అంతే అవసరం. ఈ సంగతి నాకు డెబ్భై దాటాక గానీ తెలిసిరాలేదు. అప్పటిదాకా మా మహ్దియాలో, సముద్రానికి పోయే ఈ ఇరుకు సందులో, తలుపు తీస్తే ఎదురుగా మన్నూబియా తలుపు తప్ప ఇంకేమీ కనబడని దరిద్రంలో బతికాను!

సాయంత్రమైతే నేనో పీట, మన్నూబియా ఓ పీట వేసుకుని ఎవరి గుమ్మంలో వాళ్ళం కూర్చునేవాళ్ళం. మధ్యలో సందు ఎంతనుకున్నారు? నేను కాళ్ళు చాపితే ఆవిడ చెప్పులకు తగిలేంత. బఠాణీలు ఒలుచుకుంటూ, ఏ కోడలు ఏ అత్తను ఏమందో చెప్పుకునేవాళ్ళం. మా మధ్యలోంచి పిల్లులు, చేపల గంపలు, ముక్కు కారుతున్న ముల్దీ, వాడి వెనక చెప్పుతో వాళ్ళమ్మ పోతుండేవారు. అదే మా సినిమా. తలచుకుంటే నా మీద నాకే జాలేస్తుంది.

అప్పుడు రాజధాని నుంచి నజీబ్ వచ్చాడు. దేవుడు అతన్ని చల్లగా చూడాలి! సందు చివరి ఇల్లు కొని, 'అమ్మమ్మ చేతివంట' అని బోర్డు కట్టాడు. లోపల వండేది గడ్డానికి క్లిప్పు పెట్టుకున్న మగవాడు. సందులో ఉన్న అసలు అమ్మమ్మలం ఇద్దరం. మమ్మల్ని మాత్రం, "పిన్నీ, ఆ పీట కాస్త వెనక్కి జరుపుకోండి, కుర్చీ పడుతుంది" అన్నాడు. జరుపుకున్నాం. "ఇంకాస్త" అన్నాడు. ఎంత మర్యాదగా అడిగాడంటే, ఎవరైనా జరుపుకుంటారు! ఓ రోజు చూసుకుంటే నా పీట మా వంటింట్లో ఉంది. నేను దాని మీద ఉన్నాను.

మన్నూబియా గుమ్మానికీ నా గుమ్మానికీ మధ్య ఇప్పుడు నాలుగు టేబుళ్ళు, తెల్లగుడ్డలు, నాలుగు గొడుగులు. లాభాలు చెబుతాను వినండి.

ఒకటి, నాకు వంట పని తగ్గింది. పొద్దున్నుంచీ స్క్విడ్ వేపుడు వాసన ఇంట్లోకి వస్తూనే ఉంటుంది. ఒట్టి రొట్టె ఆ గాలిలో ఆడించి తింటే చాలు, కడుపు నిండిపోతుంది. పక్క దుప్పట్లకు కూడా ఆ వాసనే. రాత్రి కలలో కూడా నన్నెవరో నూనెలో తిప్పుతుంటారు.

చదువు వచ్చింది. బాత్రూమ్ ఎక్కడని ఆరు భాషల్లో అడిగితే ఆరింట్లోనూ జవాబు చెప్పగలను. ఎందుకంటే మా ఊళ్ళో తలుపులన్నీ నీలమే, రెస్టారెంటు బాత్రూమ్ తలుపు కూడా నీలమే! మొన్న నేను ముఖం కడుక్కుందామని వెళ్తే, ఎండకు ఎర్రగా కందిన ఓ పెద్దమనిషి నా అద్దంలో చూసుకుంటూ తల దువ్వుకుంటున్నాడు. నా దువ్వెనతో!

పేరు వచ్చింది. నా మేడ మీద ఆరేసిన లంగాలను ఫోటో తీయని దేశం లేదు. మర్యాదలు కూడా వచ్చాయి. రొట్టెకు బయలుదేరితే చాలు, "ఎక్స్‌క్యూజ్ మీ, ఎక్స్‌క్యూజ్ మీ" అంటూ పొట్టల మధ్య నుంచి, సూపు గిన్నెల మీద నుంచి సాగిపోతాను. నా ఇంట్లోంచి నేను బయటికొస్తుంటే ఓసారి నా చేతికి మెనూ ఇచ్చారు కూడా. అంత గౌరవం నాకు మా అత్తగారింట్లో జరగలేదు.

ఇక మన్నూబియా ఆరోగ్యం! కోపం లోపల దాచుకోవద్దని డాక్టరు చెప్పాడు. ఆవిడ కిటికీ తెరిచి, గుమ్మానికి ఆనుకుని తింటున్నవాళ్ళని తేనె ఒలికే నవ్వుతో పలకరిస్తుంది.

"కూర్చోండి నాయనా, కూర్చోండి. ఆ కుర్చీ కాళ్ళు విరిగి మీ నడుములు పట్టెయ్య! మా తాత పెట్టించిన తలుపు మీ వీపులు గీక్కోవడానికి దొరికిందా, గుమ్మడికాయ మొహాల్లారా?"

వాళ్ళు గుండె మీద చెయ్యి వేసుకుని వంగి దండం పెడతారు. ముల్దీ లేడూ, ముక్కు కారే ముల్దీ, వాడిప్పుడు చెవి వెనక మల్లెచెండుతో అక్కడ సర్వరు. "మీకు బాగా ఆకలెయ్యాలని పెద్దావిడ దీవిస్తోంది" అని వాళ్ళ భాషలో చెబుతాడు. వేసవి మధ్యకొచ్చేసరికి మన్నూబియా రక్తపోటు సగానికి దిగింది. ఏ మందు చేయగలదు ఈ పని?

ఇవన్నీ చిల్లర లాభాలు. అసలు లాభం దలెందా పెళ్ళి విషయంలో జరిగింది.

దలెందా మన్నూబియా మనవరాలు. తల్లి లేని పిల్ల, ఆవిడ చేతుల్లోనే పెరిగింది. మందుల షాపులో పని. ఆ షాపుకు తలనొప్పి మాత్రల కోసం వచ్చి వచ్చి, చివరికి తలనొప్పే లేదని ఒప్పుకున్న కుర్రాడు అనీస్. ఇద్దరికీ ఇష్టమే. ఇక అబ్బాయి తల్లి జుబైదా సరే అనాలి. ఆవిడ కాపురం నలభై ఏళ్ళుగా సముద్రం అవతల మార్సేలో. చెల్లెల్ని వెంటబెట్టుకుని, శుక్రవారం మధ్యాహ్నం పిల్లను చూడ్డానికి వస్తానని కబురు పెట్టింది. మన్నూబియా ఆ వారమంతా నిద్రపోలేదు. "నేను కళ్ళు మూసేలోగా దీనికో ఇల్లు చూడాలి షాద్లియా" అని కిటికీలోంచి రోజూ అరిచేది. మధ్యలో గొడుగులున్నాయి కదా, అరవక తప్పదు. అలా ఆవిడ దిగులు టూరిస్టులు కూడా విన్నారు.

మన్నూబియా గుమ్మం టేబుళ్ళతో దాదాపు మూసుకుపోయింది. నా తలుపు ఇంకా సగం తెరుచుకుంటుంది. కాబట్టి పెళ్ళిచూపులు మా ఇంట్లోనే అనుకున్నాం. చేప కుస్‌కుస్, గుడ్డు పెట్టి వేయించిన బ్రిక్ పొరలు, బాదం మిఠాయి చేశాను. పిల్ల వంటింట్లో కాఫీ దగ్గర సిద్ధంగా ఉంది. వాళ్ళు రాగానే మన్నూబియా సందు దాటి రావాలి.

సరిగ్గా చెప్పిన వేళకు సగం తలుపు తోసుకుని ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. టోపీలు, నల్లకళ్ళద్దాలు, మోకాళ్ళ దాకా లాగులు. నేను ఒక్క క్షణం తటపటాయించాను. మార్సే మనుషుల్ని ఇంతగా మార్చేసిందా! కానీ గడప దాటి వచ్చినవాళ్ళను తిని లేచేదాకా ఎవరని అడగడం మా ఇళ్ళలో లేదు. కూర్చోబెట్టాను. వడ్డించాను.

వాళ్ళు బ్రిక్‌ని కత్తీ ఫోర్కుతో కోశారు! పచ్చసొన నా కుట్టుపని గుడ్డ మీదంతా పారింది. పళ్ళు బిగబట్టుకున్నాను. మాటలు కూడా మర్చిపోయినట్టున్నారు, అన్నిటికీ తలూపుతున్నారు. పిల్ల గుణాలు చెప్పాను, తలూపారు. సూదితో కుడుతుందన్నాను, ఇంజెక్షనూ చేస్తుందన్నాను, చప్పట్లు కొట్టారు. ఇంత మెత్తటి అత్తగారు ఎవరికి దొరుకుతుంది చెప్పండి?

దలెందా కాఫీ పళ్ళెంతో వచ్చి కొయ్యబారిపోయింది. నా చెవిలో, "అమ్మమ్మా, వీళ్ళు కాదు. ఆవిణ్ణి నేను వీడియోలో చూశాను" అంది.

"ఊరుకోవే. ఫోనులో అందరూ సన్నగా కనబడతారు" అని గిల్లాను.

కాఫీ తాగి, పెద్దావిడ లేచి, పళ్ళెంలో కప్పు కింద ఓ నోటు పెట్టింది. మా వాడలో పిల్ల నచ్చితే అబ్బాయి తల్లి చేసే పని అదే! ఇంకేం కావాలి? గొంతెత్తి, నాలుక ఆడిస్తూ మంగళకేక పెట్టాను. ఒకటి కాదు, మూడు! ఆ కేక వింటే మహ్దియాలో చెవిటివాడికి కూడా తెలుస్తుంది, పిల్ల ఖాయమైందని.

ఇప్పుడు బయటికి రండి.

అసలు జుబైదా, ఆవిడ చెల్లెలు అంతకు ముందే సందులోకి వచ్చారు. వాళ్ళకు తెలిసింది మన్నూబియా ఇంటి గుర్తే, చూపులు మా ఇంటికి మార్చామని చెప్పడం మరిచాం. అక్కడ చూస్తే తెల్లగుడ్డ పరిచిన టేబులు, పూలు, చెవిలో మల్లెచెండుతో కుర్చీ లాగి, "రండి రండి, మీ కోసమే చూస్తున్నాం!" అని ఫ్రెంచిలో పిలుస్తున్న ముల్దీ. ఎవరైనా ఏమనుకుంటారు? పిల్ల తరఫువాళ్ళు ఎంత ఘనంగా ఏర్పాటు చేశారో అనుకుని కూర్చున్నారు. వీపులు మన్నూబియా తలుపుకు ఆనించి!

లోపల మన్నూబియా, పట్టు గుడ్డలు కట్టుకుని, గడప దాటలేక చిక్కుకుపోయింది. ఎదురింట్లో మనవరాలి తలరాత తేలుతోంది, తనకేమో రెండు వీపులు అడ్డం! కిటికీ తెరిచింది. నవ్వింది.

"ఎంత ముద్దుగా తింటున్నావే, ఒంటె మూతీ! తిను, తిను. ఆ గుడ్డు నీ గొంతులో కోడిపుంజై కూయ! నీ పక్కనున్నది చెల్లెలా, ఉప్పుబస్తానా? లేవండే, మీ మొగుళ్ళకు తుమ్ములు పట్టుకోను!"

జుబైదా బ్రిక్‌ని చేత్తో పట్టుకుని, చుక్క కారకుండా తింటోంది. మన వాళ్ళు తప్ప అలా తినగలవాళ్ళు ఈ భూమ్మీద లేరు. మన్నూబియాకు అప్పుడైనా అనుమానం రావద్దూ? రాలేదు. ముల్దీ మాత్రం అలవాటు ప్రకారం, "పెద్దావిడ మిమ్మల్ని దీవిస్తోంది మేడమ్" అన్నాడు.

"ఆహా, వింటున్నాను" అంది జుబైదా ఫ్రెంచిలో.

తర్వాత బిల్లు వచ్చింది. అబ్బాయి తల్లికి, పెళ్ళిచూపుల బిల్లు! ఆవిడ దాన్ని చేతిలో పట్టుకుని చూస్తుండగానే, ఎదురింట్లోంచి నా మంగళకేకలు మూడు.

"దలెందా ఇంటివాళ్ళవేగా ఆ కేకలు?" అని ఈసారి అచ్చం మన మాటల్లోనే అడిగింది. ముల్దీ నోరు తెరిచాడు. కిటికీలో మన్నూబియా నవ్వు అలాగే ఉండిపోయింది, మూయడం చేతకాక.

జుబైదా ఒక్క ఉదుటున లేచి మా ఇంట్లోకి వచ్చింది. వెనకాల చెల్లెలు. ఆ వెనకాల, కుర్చీలు ఖాళీ కాగానే టేబులు ఎక్కి దూకి మన్నూబియా. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, పట్టు గుడ్డల్లో, సాస్ గిన్నె మీద నుంచి!

"మా వాడికి చూడమని చెప్పి పిల్లని ఇంకొకళ్ళకిచ్చారా?" అని జుబైదా అరిచింది. టోపీ ఆడవాళ్ళు, ఇది కూడా భోజనంలో భాగం అనుకుని చప్పట్లు కొట్టారు.  ఎవరు ఎవరో తేలడానికి చాలాసేపు పట్టింది.

 మన్నూబియా నేల చూస్తూ, "పిల్ల మంచిదమ్మా. నా నోరు చూసి దాన్ని వదిలెయ్యకు" అంది. ఆవిడ గొంతు అంత చిన్నగా పలకడం నేనెన్నడూ వినలేదు.

జుబైదా ఆవిడకేసి చూసి, "నా గొంతులో కోడిపుంజు కూయాలా, పిన్నీ?" అంది.

"టూరిస్టువనుకున్నాను తల్లీ."

"మా నాయనమ్మ తిట్టే తిట్టు అది. ఆవిడదీ ఈ సముద్రపు ఒడ్డే. నలభై ఏళ్ళయింది విని. మార్సేలో మా పక్కింటావిడ నన్ను 'బోంజూర్ మేడమ్' అంటుంది, తలుపు వేసుకుంటుంది." పీట లాక్కుని కూర్చుంది, నా వంటింటి పీటే. పగలబడి నవ్వింది, కళ్ళు తుడుచుకుంది. "ఇంకోటి తిట్టు పిన్నీ, వింటాను. పిల్ల నాకు నచ్చింది గానీ, ఆ తిట్లు నీతోనే పోకూడదు. మా కోడలికి నేర్పించి పంపాలి."

చూశారా! నజీబ్ టేబుళ్ళు లేకపోతే మన్నూబియా తిట్టేది కాదు. తిట్టకపోతే సంబంధం కుదిరేది కాదు. టోపీ ఆడవాళ్ళు అయితే 'లోపలి గదిలో పాట కూడా ఉంది' అని ఇంటర్నెట్‌లో నజీబ్‌కు అయిదు చుక్కలిచ్చారు. ఇప్పుడు రోజూ ఎవరో ఒకరు నా తలుపు తోసి పాట పాడమంటున్నారు.

జుబైదా ఒక్కటే కోరింది. ఫాతిహా చదివి మాట ఖాయం చేసుకునేది హాల్లో వద్దు, సందులోనే, రెండు గుమ్మాల మధ్య చాపలు పరిచి జరగాలి. తన మాట కూడా అలాగే, వాళ్ళ నాయనమ్మ సందులో కుదిరిందట. దానికేం భాగ్యం అని నేనూ మన్నూబియా నజీబ్ దగ్గరికి వెళ్ళాం.

అతను ఎంతో సంతోషించాడు. పలకలాంటి ఫోను తీశాడు. "అక్టోబరు చివరి దాకా సందు మొత్తం బుక్కయిపోయింది పిన్నీ. నవంబరు అయితే ఇస్తాను. వానలుంటాయి, గొడుగులు ఫ్రీ" అన్నాడు. కాబట్టి మా పిల్ల ముహూర్తం నవంబరు. తేదీ ఏదని ఇమామ్ గారు అడిగితే, నజీబ్‌ని అడగమని చెప్పాం.

"మరి వ్యూ? సముద్రం వైపు కావాలా, కోట వైపు కావాలా?" అన్నాడు నజీబ్.

మన్నూబియా ఈసారి నవ్వలేదు, తిట్టలేదు.

"నా గుమ్మం కనబడాలి నాయనా. ఎదురుగా షాద్లియా గుమ్మం కూడా కనబడితే మరీ మంచిది" అంది.

చూద్దాం, వీలును బట్టి ఇస్తానని రాసుకున్నాడు.

అందుకే చెబుతున్నాను, ఆలస్యం చేయకుండా మీ సందులోకి కూడా ఒక రెస్టారెంటును పిలిపించుకోండి. మేమిద్దరం పీటలు కడిగి ఎండబెట్టుకున్నాం. నవంబరు కోసం చూస్తున్నాం.