రిజిస్టరులో లేని వరి మొక్క

సోమవారం పన్నెండు గంటలకు ప్రభుత్వం మూతపడుతున్నందున విశ్వవిద్యాలయంలోని పరిశోధనలన్నీ ఆ క్షణం నుంచి ఎదుగుదల మానుకోవాలని ఉత్తర్వు వచ్చింది; అవి మానుకున్నాయి. పక్క ల్యాబులో ఎలుకలు గింజలు నములుతూ నములుతూ దవడలు ఆపేశాయి. సీసాల్లో సూక్ష్మజీవులు రెండుగా చీలబోయి సగంలో ఊరుకున్నాయి. రిజిస్టరులో ఎక్కినవాటికి ఆ మాత్రం క్రమశిక్షణ ఉంటుంది మరి.

నాగసుధకు మాత్రం ఏడుపొచ్చింది. ఉప్పునీటికి పండే వరి కోసం ఆరేళ్లుగా పరిశోధన చేస్తున్న మనిషి. కుండీల్లో నూట నలభై మొక్కలు కంకిని లోపల దాచుకుని పొట్ట మీదున్నాయి. రేపో మాపో వెన్ను తీస్తాయని పొద్దున్నుంచి కాలు నిలవక తిరుగుతోంది. సరిగ్గా అప్పుడే అన్నీ ఆగాయి.

మూడో రోజు పగిలిన బకెట్లోని మొక్క వెన్ను తీసింది. మిగిలిన నారు పారెయ్యలేక తనే గుచ్చి, రాయడం మరిచిపోయిన మొక్క అది. రాయలేదు గనక దానికి ఉత్తర్వు చేరలేదు. నాగసుధ రోజూ సముద్రపు నీళ్లు మోసుకొచ్చి పోసింది. మొక్క పూసింది, పాలు పోసుకుంది, నలభయ్యో రోజుకి గింజ గట్టిపడింది. కంకిని అరచేతిలోకి తీసుకుని ఒక్కతే పగలబడి నవ్వింది.

మర్నాడు ప్రభుత్వం తెరుచుకుంది. సూపరింటెండెంటు పోలినాయుడు రిజిస్టరు చంకన పెట్టుకుని వచ్చాడు.

"ఏటమ్మా, ప్రభుత్వం లేనప్పుడు ఇది పండిందేటి?"

"రిజిస్టరులో లేదండీ, అందుకే పండింది. చూడండి, ఉప్పునీళ్లకే పండింది!"

"సంతోషమే. కానీ రిజిస్టర్లో లేంది పండినా పండనట్టే కదమ్మా. మూతపడ్డ తేదీతో ఎక్కించేస్తాను. నీకు మేలే."

మంచివాడు, అడక్కుండానే రాశాడు. గింజలు పాలయ్యాయి, పూత మొగ్గయింది, కంకి నెమ్మదిగా పొట్టలోకి వెళ్లిపోయింది.

"మరి రిజిస్టర్లో ఉన్నోళ్లమంతా ఆగిపోతే ఇన్నాళ్లూ నువ్వెలా తిరిగావు?" అంటూ ఆయన పేజీలు తిప్పాడు. ఆమె పేరూ లేదు. ఉద్యోగం తాత్కాలికం గనక ఆరేళ్లుగా ఎవరూ రాయలేదు. "రాసీమంటావేటి?"

ఆ మాట కోసమే ఆరేళ్లు ఎదురుచూసింది. కంకి సంగతి మరిచిపోయింది. కళ్లు మెరిశాయి.

"రాయండి సార్. అదే తేదీతోనా?"

"అదే తేదీ."

ఇంటిపేరు తప్పు పోకుండా దగ్గరుండి రాయించుకుంది. సిరా ఆరేలోగా ఆ నలభై రోజులూ ఆమెలోంచి జారిపోయాయి. సోమవారం పొద్దుటి ఉత్సాహంతో కుండీల దగ్గరికి పరుగెత్తి, బకెట్లోని మొక్క పొట్టను వేలితో తడిమింది.

"రేపో మాపో వెన్ను తీస్తుందండీ," అంది.

పోలినాయుడు తలూపి, పై సోమవారం ప్రభుత్వం మళ్లీ మూతపడుతుందంటూ వచ్చిన కొత్త ఉత్తర్వు ముందు పెట్టాడు. నాగసుధ మొక్క మీంచి చూపు తిప్పకుండానే సంతకం చేసింది.