చెవి కోచ్‌కి జై కొట్టండి

ముందే ఒక మనవి. నేను అక్షరాలు దిద్దింది తల నెరిశాక, మా ఆయన పోయాక. ఒత్తులు పడాల్సిన చోట పడకపోయినా, పడకూడని చోట పడినా మన్నించండి. రాయడం కూడా బాగా నిదానం. నేను పొద్దుటినుంచి రాసినదాన్ని మీరు టీ చల్లారేలోపు చదివేస్తే నా ప్రాణం ఉసూరుమంటుంది. కాబట్టి మీరూ కాస్త నిదానంగానే చదవండి.

ఇక అసలు సంగతి. మనిషి కనిపెట్టినవాటిలో అన్నిటికన్నా గొప్పది ఏది? కరెంటు అంటారు కొందరు. ప్రెషర్ కుక్కర్ అంటారు ఇంకొందరు. రెండూ కావు. చెవి కోచ్!

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. గోల్ఫ్ అని ఒక ఆట ఉంది. పెద్ద పచ్చిక మైదానంలో పెద్దమనుషులు చిన్న తెల్ల బంతిని కర్రతో కొట్టి, అదెక్కడ పడిందో వెతుక్కుంటూ నడుస్తారు. దూరంగా ఎక్కడో ఒక చిన్న గుంట ఉంటుంది. బంతి అందులో పడాలి. సాధారణంగా పడదు. ఎందుకు పడలేదో చెప్పడానికి ఇదివరకు కోచ్ అనే మనిషి ఉండేవాడు. ఇప్పుడా పని యంత్రం చేస్తోంది. చొక్కా గుండీ అంత ఉంటుంది. టోపీ అంచుకు ఒకటి, మణికట్టుకు ఒకటి, బెల్టుకు ఒకటి తగిలించుకుంటారు. చెవిలో ఒక గింజ దోపుకుంటారు. ఇక ఆట ముగిసేదాకా అది చెబుతూనే ఉంటుంది. "తల ఎత్తారు." "మోచెయ్యి వంగింది." "నడుము తిరగలేదు." "మళ్ళీ తల ఎత్తారు."

నేను మా ఊరి గోల్ఫ్ క్లబ్బులో కౌంటర్ దగ్గర కూర్చుంటాను. యంత్రాలకు ఛార్జింగ్ పెట్టడం, పేరు చదివి ఎవరి డబ్బా వాళ్ళకివ్వడం, తిరిగొచ్చాక చెవి గింజలు స్పిరిట్‌తో తుడవడం నా పని. ఊళ్ళో పెద్దమనుషుల చెవుల లోపలి సంగతులు నాకు తెలిసినంతగా వాళ్ళ ఇల్లాళ్ళకు కూడా తెలియవు. జీతం ఆ యంత్రం వల్లే వస్తోంది కాబట్టి దాన్ని పొగుడుతున్నానని అనుకుంటారేమో! అనుకోండి. జీతం తీసుకుని తిట్టేవాళ్ళకన్నా నయమే కదా?

దానివల్ల వచ్చిన మొదటి లాభం ప్రశాంతత. ఇదివరకు నలుగురు కలిసి ఆటకు దిగితే మైదానమంతా ఒకటే గోల. పిల్లల చదువులు, మోకాళ్ళ నొప్పులు, ఎదుటివాడి బంతి మీద వెటకారాలు. ఇప్పుడు ఎవరి చెవిలో వాళ్ళకు గురువున్నాడు. నలుగురూ నాలుగు దిక్కులు చూస్తూ, తమలో తామే తల ఊపుకుంటూ నడుస్తారు. మొన్న ఒకాయన "అమ్మాయి పెళ్ళి కుదిరిందట కదా?" అని పక్కాయనను పలకరించాడు. "కర్ర వదులుగానే పట్టుకున్నానండీ" అన్నాడాయన. ఎంత చక్కటి సంభాషణ! తగాదాకు తావేది?

రెండో లాభం వినయం. మా క్లబ్బులో రిటైరైన జడ్జిగారున్నారు. ఆయన మాట్లాడుతుంటే అడ్డు తగిలిన మనిషి లేడు. ఎదుటివాళ్ళ మాటకు మాత్రం ఆయన అడ్డు తగలని రోజు లేదు. ఇప్పుడు ఆయన కర్ర ఎత్తితే చాలు, చెవిలో "ఆగండి" అని వినిపిస్తుంది. ఆయన ఆగుతారు! జడ్జిగారి భార్య ఒకరోజు పనిగట్టుకుని కౌంటర్ దగ్గరికొచ్చారు.

"ఏమ్మా, దీన్ని ఆదివారాలు ఇంటికి ఇస్తారా?"

"ఇంట్లో గోల్ఫ్ ఆడరు కదమ్మగారూ?"

"ఆడనవసరం లేదు. ఆయన నోరు తెరిచినప్పుడు 'ఆగండి' అంటే చాలు. మిగతాది నేను చూసుకుంటాను."

మూడో లాభం నేను కలలో కూడా ఊహించనిది. ఒకరోజు బ్యాంకు మేనేజరుగారికి ఆట మధ్యలో ఎవరో పోయారని ఫోన్ వచ్చింది. ఆయన ఉన్నపళంగా పరామర్శకు వెళ్ళారు. మణికట్టుదీ బెల్టుదీ తీసి జేబులో పెట్టారు గానీ టోపీ, చెవి గింజ తియ్యడం మరిచిపోయారు. అక్కడ శవం ముందు తల వంచి నిలబడ్డారు. "తల చక్కగా దించారు. కదలకండి" అంది యంత్రం. పాపం, చాలా వారాలుగా దాని నోట ఒక్క మంచి మాట కూడా వినని మనిషి! కదల్లేదు. వచ్చినవాళ్ళు వచ్చారు, పోయినవాళ్ళు పోయారు, ఈయన మాత్రం అలాగే నిలబడి ఉన్నారు. "మా నాన్న కోసం అంతగా కుమిలిపోయిన మనిషిని మేం చూడలేదు" అని ఆ ఇంటివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. చనిపోయినాయన మేనేజరుగారికి ముఖపరిచయం మాత్రమే!

ఇంతకన్నా గొప్ప వరం ఉంటుందా? చెప్పండి!

"మరి ఆ పాత కోచ్ గతేమిటి?" అని ఎవరైనా అడగవచ్చు. అడుగుతారనే భయపడుతూ ఇక్కడిదాకా వచ్చాను. ఆ పాత కోచ్ మా తమ్ముడు.

రక్తసంబంధం పక్కన పెట్టి నిజం చెబుతాను. వాడి దగ్గర నేర్చుకుని బాగుపడిన మనిషిని నేనెరగను. వాడు చెప్పేదీ ఈ యంత్రం చెప్పేదీ ఒకటే. తల ఎత్తారు, మోచెయ్యి వంగింది. విన్నవాళ్ళ ఆట అప్పుడూ బాగుపడలేదు, ఇప్పుడూ బాగుపడటం లేదు. కాబట్టి క్లబ్బువాళ్ళు వాణ్ణి మాన్పించినప్పుడు నేను అన్యాయం అనలేదు. వాళ్ళు మర్యాదస్తులు. సభ పెట్టారు, చప్పట్లు కొట్టారు, వాడి సేవలను మెచ్చుకుంటూ కానుక కూడా ఇచ్చారు. ఏం కానుక? ఒక చెవి కోచ్!

వాడు దాన్ని ఇంటికి తెచ్చి, తగిలించుకుని, పెరట్లో కర్ర ఊపాడు. "మోచెయ్యి వంగింది" అంది. "నాకా చెబుతున్నావ్?" అన్నాడు వీడు. "మోచెయ్యి వంగింది" అంది మళ్ళీ. బ్యాటరీ అయిపోయేదాకా దాంతో వాదించాడు. పక్కింటివాళ్ళు గోడ మీదుగా తొంగిచూసి, "మీ తమ్ముడు బాగానే ఉన్నాడా?" అని సైగ చేశారు. ఉన్నాడన్నాను. అప్పటికింకా బాగానే ఉన్నాడు.

వాడు పెళ్ళి చేసుకోలేదు. మా ఆయన పోయాక నేను వాడి దగ్గరికొచ్చాను. వాడు తెల్లారగానే క్లబ్బుకు పోయి చీకటిపడ్డాక వచ్చేవాడు కాబట్టి మేమిద్దరం ఎంతో సఖ్యంగా ఉండేవాళ్ళం. ఇప్పుడు వాడు ఇంట్లో ఉన్నాడు. పొద్దస్తమానం ఇంట్లోనే ఉన్నాడు.

నేను గుడ్డు పగలగొడుతుంటే వంటింటి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడతాడు.

"మణికట్టు! మణికట్టు బిగించావక్కా."

"గుడ్డు పగిలిందిరా."

"పగిలింది. ఎలా పగిలింది? అదృష్టం కొద్దీ పగిలింది. రేపు కూడా ఇలాగే పగులుతుందని గ్యారంటీ ఏమిటి?"

బట్టలు ఆరేస్తే భుజం లేపుతున్నానంటాడు. చీపురు పట్టుకుంటే "నీ గ్రిప్పే తప్పు" అంటాడు. ఉల్లిపాయలు తరుగుతుంటే పక్కన కూర్చుని "కళ్ళు ఉల్లిపాయ మీదే పెట్టు" అంటాడు. ఎక్కడ పెట్టమంటావురా, కళ్ళు కనిపిస్తే కదా! చేతిలో కత్తి ఉన్న మనిషికి సలహా ఇవ్వకూడదన్న జ్ఞానం కూడా లేదు. ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుంటే నా దవడ ఒక పక్కకే నములుతోందని కనిపెట్టాడు!

కసిరాను. అలిగాను. వంట మానేస్తానన్నాను. దేనికీ చలించలేదు. అసలు జబ్బు ఎక్కడుందో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. దాన్ని బయటపెట్టినవారు పళ్ళ డాక్టరుగారు.

ఆయన మా తమ్ముడికి పాత శిష్యుడు. ఆట దరిద్రంగా ఆడతారు. ఇదివరకు బంతి మైదానం పక్కనున్న చెరువు నీళ్ళలో పడిన ప్రతిసారీ కర్ర విసిరేసి, గడ్డి తొక్కుకుంటూ వచ్చి వాడి మీద విరుచుకుపడేవారు. "నువ్వు చెప్పినట్టు కొట్టబట్టే కదయ్యా!" అనేవారు. వాడు ఎదురు తిరిగేవాడు. గొంతులు లేచేవి. ఆ తర్వాత డాక్టరుగారు తేలికైన మనసుతో వెళ్ళి, చెయ్యి వణక్కుండా జనం పళ్ళు పీకేవారు.

మొన్న ఆయన కౌంటర్ దగ్గరికొచ్చి చెవి గింజ తీసి నా ముందు పడేశారు. ముఖం కందగడ్డలా ఉంది.

"ఇది నన్ను అవమానిస్తోంది."

"ఏమంది డాక్టరుగారూ?"

"తప్పు నాదే అంటోంది! ఫోన్‌లో బొమ్మలు కూడా గీసి పంపుతోంది. ఇదిగో, నా మోచెయ్యి ఎర్రరంగులో. నిన్నా నాదే తప్పు, ఇవాళా నాదే తప్పు. ఎన్నాళ్ళని భరిస్తాడు మనిషి?"

"దాన్ని తిట్టెయ్యండి."

"తిట్టాను. వినదే! తిట్టి తల తిప్పితే 'తల ఎత్తారు' అంటుంది." ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించారు. "మీ తమ్ముడు ఎక్కడున్నాడు?"

"ఇంట్లోనే ఉన్నాడు. ఏం పని?"

"తిట్టాలి."

"దేనికండీ?"

"అదేదో అక్కడికి వెళ్ళాక చూసుకుంటాను. అడ్రసు చెప్పండి."

చెప్పాను. మనసులో మాత్రం భయమే. ఉద్యోగం పోయి కూర్చున్న మనిషి, పైగా తిట్లు కూడానా? కౌంటర్ కట్టేసి గబగబా ఇంటికి నడిచాను. సందు మొదట్లోనే కేకలు వినిపించాయి.

"నువ్వు నేర్పిన పట్టే నా కొంప ముంచింది!"

"నేను నేర్పిందొకటి, మీరు పట్టిందొకటి! కర్ర పట్టుకోమంటే పేషెంటు దవడ పట్టుకున్నట్టు పట్టుకుంటే నేనేం చెయ్యను?"

"నా వృత్తి జోలికి రాకు!"

"నా వృత్తి జోలికి మీరొచ్చారా లేదా?"

గుమ్మంలోకి వెళ్ళి చూద్దును కదా, మా తమ్ముడి ముఖం వెలిగిపోతోంది! చొక్కా చేతులు పైకి మడిచాడు. రొమ్ము విరుచుకుని నిలబడ్డాడు. క్లబ్బు మాన్పించాక వాణ్ణి అంత నిటారుగా నేను చూడలేదు. ఎదురుగా డాక్టరుగారు కూడా అంతే ఆనందంగా ఊగిపోతున్నారు. ఇద్దరూ అలసిపోయాక కూర్చుని మంచినీళ్ళడిగారు. వెళ్ళేటప్పుడు డాక్టరుగారు "నీ అంత చేతకాని కోచ్‌ను నేనెక్కడా చూడలేదు" అన్నారు. "మీ అంత మొద్దు శిష్యుడు నాకు మళ్ళీ దొరకడు" అన్నాడు వీడు. చేతులు కలుపుకున్నారు.

ఆ పూట నేను గుడ్లు నా ఇష్టం వచ్చినట్టు పగలగొట్టాను. వాడు ఒక్క మాటనలేదు. పెట్టింది తిని, "బాగుందక్కా" అన్నాడు. నా చేతిలో గరిటె జారిపోయింది. అది ఎలా జారిందో కూడా చెప్పలేదు!

అప్పుడు తెలిసింది నాకు. ఇన్నేళ్ళూ వాడికి క్లబ్బువాళ్ళు జీతమిచ్చింది ఆట నేర్పినందుకు కాదు. ఊళ్ళో సగం మంది తమ చేతకానితనాన్ని తీసుకొచ్చి వాడి నెత్తిన పెట్టి, చేతులు దులుపుకుని పోయేవారు. వాడు మోసేవాడు, తిరిగి నాలుగు అనేవాడు. యంత్రం అన్నీ చేస్తుంది గానీ నింద ఒక్కటి మొయ్యదు. ఎవరి తప్పు వాళ్ళకే చుట్టి, బొమ్మ గీసి మరీ ఇంటికి పంపుతుంది. ఆ తప్పును ఏం చేసుకుంటారు పాపం? జడ్జిగారు తోటమాలి మీద అరుస్తున్నారట. మేనేజరుగారు బ్యాంకులో గుమాస్తాల మీద అరుస్తున్నారట. ఆ అరుపులన్నీ పడాల్సిన మనిషేమో మా వంటింటి గుమ్మంలో నిలబడి నా మణికట్టు చూస్తున్నాడు!

డాక్టరుగారు మళ్ళీ రాలేదు. కాన్ఫరెన్సుకు వెళ్ళారట. నిన్న పొద్దున నేను పళ్ళు తోముకుంటుంటే వెనకనుంచి "మోచెయ్యి వంగింది" అని వినిపించింది. యంత్రమేమో అనుకుని తిరిగి చూశాను. కాదు.

చెవి కోచ్ వరమే. ఆ మాట వెనక్కి తీసుకోను. మీ అందరికీ స్విచ్ ఉన్నది దొరికింది. నాకు మటుకు స్విచ్ లేని పాతరకం మిగిలింది, అంతే. క్లబ్బువాళ్ళను బతిమాలాను. కోచ్‌గా వద్దయ్యా, ఊరికే మైదానం చివర ఒక కుర్చీ వేసి కూర్చోబెట్టండి, బంతి నీళ్ళలో పడినవాళ్ళు వచ్చి తిట్టిపోతారు అన్నాను. ఆలోచిస్తామన్నారు. పెద్దమనుషుల ఆలోచన నా రాతకన్నా నిదానం.

అందుకని ఇది చదివేవాళ్ళలో గోల్ఫ్ ఆడేవాళ్ళెవరైనా ఉంటే నా విన్నపం. గోల్ఫే కానక్కర్లేదు. ఏ పని చెడిపోయినా సరే, తప్పు మీది కాదని మీకనిపిస్తే చాలు. ఒక్కసారి దయచెయ్యండి.

ఇట్లు,
అందరూ కౌంటర్ పెద్దమ్మ అని పిలిచే నేను. వయసు అరవై తొమ్మిది. ప్రస్తుత నివాసం గోల్ఫ్ మైదానం వెనక సందులో, సైకిల్ షాపు పక్కన పచ్చ తలుపు ఇల్లు. మా తమ్ముడు రోజంతా ఉంటాడు. తలుపు తట్టనక్కర్లేదు, వీధిలోంచే మొదలుపెట్టవచ్చు.