ఆరో సూదిముక్క

ఆ రోజు కలకత్తా మెటియాబ్రుజ్‌లోని పిల్లల గౌన్ల కార్ఖానాకి అమ్మన్నమ్మ అరగంట ముందే వచ్చింది. కుట్టిన బట్టల్లో విరిగిన సూదిముక్కలు మిగలకుండా వెతకడం ఆమె పని. ఇరవై రెండేళ్లుగా అదే పని. విజయవాడ నుంచి వచ్చిన కొత్త మేనేజరు శ్యామసుందర్ సూదుల్ని పట్టే యంత్రం తెప్పించి, "మీకిక కళ్లు ఆనవమ్మా, మానెయ్యండి" అన్నాడు ముందురోజు.

"ఎవులన్నారు బాబూ? వంద గౌన్లెట్టు. అయిదింట్లో ముక్కలు దాసు. నీ మిసనూ సూస్తాది, నానూ సూత్తాను. ఓడితే నానే ఎల్లిపోతాను!" అందామె.

పొద్దున్నే దర్జీ ఇమ్మానుయేలు అయిదు ముక్కలు దాచాడు. యంత్రం అయిదింటికీ కూతపెట్టింది. శ్యామసుందర్ చేతులు దులుపుకున్నాడు. తర్వాత అమ్మన్నమ్మ కూర్చుంది. అయిదూ తీసి, ఆరోది కూడా బల్లమీద పెట్టింది.

"మేం దాచింది అయిదే. ఇది మీరే తెచ్చుంటారు" అన్నాడు శ్యామసుందర్.

"కొంగు దులుపుతాను, సూసుకో! ఇది పసిబిడ్డ వీపులో దిగితే నీ మిసను ఏడుస్తాదేటి?"

ఆ కేక కింది అంతస్తుకి వెళ్లేసరికి ఆరుగురు పిల్లలకి సూదులు దిగాయన్న వార్త అయింది. గుమ్మం దాటేసరికి పోలీసులు వస్తున్నారన్నారు. హమాలీలు భయపడి, అప్పటికే లారీకెక్కించిన నలభై గౌన్ల పెట్టెలూ సందులోకి దించేశారు. ఆటోలు ఆగిపోయాయి. యజమాని పెట్టెల మధ్యనుంచి పక్కకు తిరిగి నడుస్తూ, రొప్పుతూ వచ్చాడు.

ఆరో ముక్కను మళ్లీ గౌనులో పెట్టి తనే యంత్రంలోంచి పంపాడు. చప్పుడు లేదు. మళ్లీ పంపాడు. లేదు.

ఇమ్మానుయేలు నసిగాడు. "గౌన్ల కొక్కేలకీ కూస్తందని మేనేజరు బాబు నిన్ననే దాని జోరు తగ్గించీసినారు. మనం దాసినవి పెద్ద ముక్కలు. ఇదేమో నలుసంత."

ఇంత చిన్నది ఎలా కనిపించిందని యజమాని హిందీలో అడిగాడు. అమ్మన్నమ్మ శ్యామసుందర్ వైపు తిరిగింది.

"సెప్పు బాబూ, ఆయనకి. మొదటేడు నాకూ అవుపడలేదు. రోజూ సూడగా సూడగా, ఇప్పుడు కళ్లే ఎల్లి అక్కడ ఆగుతాయి."

శ్యామసుందర్ తలవంచుకుని ఆ మాటలు హిందీలో చెప్పాడు. యజమాని మళ్లీ వెతకమని నలభై పెట్టెలూ ఆమెకే అప్పగించాడు. నెలరోజులు ఆమె పక్కన కూర్చుని నేర్చుకొమ్మని మేనేజరుకి చెప్పాడు.

"కూకో బాబూ, నాను సెప్పేదాకా లెగకు" అంది అమ్మన్నమ్మ, పీట జరుపుతూ.

మొదటి రోజు శ్యామసుందర్ పట్టుకున్నవి రెండు దారప్పోగులు, ఒక చీమ.