కారులో షాట్

1974 ఆగస్టు పన్నెండు, సోమవారం. ఆ ఉదయం నాగేంద్రప్ప రవ్వ ఉప్పిట్టు తిన్నాడు. కంటి కోతకు ముందు ఏమీ తినకూడదని భార్య దాక్షాయణికి డాక్టరు చెప్పాడు కనుక, ఆమె ఎదుట తినలేక వంటింటి మూలన నిలబడి తిన్నాడు. ఆమె కంట్లో పెరిగిన కండ నల్లగుడ్డు మీదికి పాకుతోంది. దాన్ని తీసే డాక్టరు కోలారుకు నెలకొక్కసారే వచ్చి, పదకొండింటికల్లా వెళ్ళిపోతాడు. ఈ రోజు తప్పితే, వచ్చే నెలకు చూపు మిగులుతుందో లేదో.

తొమ్మిదింటికి ఆమెను కారు వెనక సీట్లో కూర్చోబెట్టి, కంటికి వెలుగు పడదని తెరలు దించి, తాళం తిప్పాడు. హారన్ దానంతట అదే మోగింది. తాళం తీసినా ఆగలేదు. గనుల ఊరు రాబర్ట్‌సన్‌పేటలోని వాళ్ళ సందు చివరి నుంచి మెకానిక్ ఓబలప్ప పరుగున వచ్చి బ్యాటరీ వైరు పీకాడు. స్టీరింగు కింద తల దూర్చి చూశాడు.

"లోపల షార్ట్ ఉండాది అప్పా. వైరు యాడో తగల్తా ఉండాది. ఎవురూ ఏమీ ముట్టొద్దు," అని టేపు కోసం వెళ్ళాడు.

నాగేంద్రప్ప బట్టల వ్యాపారి. షార్ట్ అంటే ఏమిటో తెలియదు, అడగడం చిన్నతనమనుకున్నాడు. ఆలస్యమవుతుందని ఆసుపత్రికి ఫోను చేయడానికి బజారుకు వెళ్ళాడు.

ఎదురింటి అరుగు మీది సొన్నప్ప ఆ మాట విన్నాడు. అతను ముప్పై ఏళ్ళు బంగారు గనిలో పనిచేసిన మనిషి. పేలుళ్ళు అతని వినికిడిలో సగం పట్టుకుపోయాయి. మిగిలిన సగానికి షార్ట్ "షాట్"గా చేరింది. గనిలో షాట్ అంటే బండలో మందు కూరి, వైరు కలిపి పేల్చేది. అది పేలకుండా ఉండిపోతే అరగంట దాకా ఎవరూ దగ్గరికి పోకూడదు. సొన్నప్ప కేకలు వేయలేదు. ఇంటింటికీ వెళ్ళి పొయ్యిలు ఆర్పించి, అందరినీ బయటికి నడిపించి, సందు రెండు కొసలా మంచాలు అడ్డం పెట్టించాడు.

తిరిగొచ్చిన నాగేంద్రప్పను మంచం దగ్గర ఆపాడు. "లోపల షాట్ ఉండాది. ఇంగ పది నిమిషాలు పోకూడదు."

 ఓబలప్ప మాట నాగేంద్రప్పకు ఇప్పుడు అర్థమైంది. ఔను, మెకానిక్ కూడా అదే చెప్పాడన్నాడు. దాంతో జనానికి ఉన్న కాస్త అనుమానమూ పోయింది.

"మా ఇంటామె దాన్లోనే కూర్చోనుండాది," అన్నాడు మెల్లగా.

నియమం నియమమేనన్నాడు సొన్నప్ప. కాని మంచం మీది చెయ్యి తీసేశాడు.

నాగేంద్రప్ప చెప్పులు విడిచి నడిచాడు. కారు తలుపు వేలెడు తెరిచాడు.

"దిగు. గట్టిగా ఊపిరి తీయొద్దు."

"కన్ను కోసేది నాకు. మీకెందుకింత వణుకు?" అంది దాక్షాయణి.

అతను ఆమెను వీపు వెనక దాచుకుని, కారు వైపు తిరిగి, అడుగడుగూ వెనక్కి వేస్తూ రెండో కొసకు చేర్చాడు. అక్కడ ఓబలప్ప టేపు పట్టుకుని జనం వెనక నక్కి ఉన్నాడు. ఏదో కారులో షాట్ పెట్టారట, తనకు పిల్లలున్నారు, తాను రాడట. ఎవరు చెప్పారని దాక్షాయణి అడిగింది. ఎవడో మెకానిక్ చూసి చెప్పాడట.

"ఈ సందులో నువ్వు కాక ఇంకో మెకానిక్ ఎవురుండారు?"

ఓబలప్ప చేతిలోని టేపు చూసుకుని, తాను చెప్పింది షాట్ కాదు, షార్ట్ అని అందరికీ అరిచి చెప్పాడు.

విషయం తేలినా సొన్నప్ప దారి వదల్లేదు. "షార్టయినా షాటయినా అరగంట అరగంటే," అన్నాడు. ఆ తర్వాత, తొడుగు అరిగిన హారన్ వైరుకు టేపు చుట్టడానికి అయిదు నిమిషాలు పట్టింది.

కోలారు చేరేసరికి డాక్టరు పని ముగించి చేతులు కడిగేసుకున్నాడు. దాక్షాయణి ఖాళీ కడుపు సంగతి విని, మళ్ళీ కడుక్కున్నాడు.

చీకటి పడే వేళకు ఇల్లు చేరారు. కంటికి కట్టుతో ఆమెను లోపల పడుకోబెట్టి, నాగేంద్రప్ప బయటికి వచ్చాడు. పొద్దుటి భయం ఇంకా చేతుల్లోనే ఉంది. కారు తలుపును వేలికొసతో నెట్టి, చప్పుడు కాకుండా మూశాడు. అది సగమే పడింది. కారు లోపలి దీపం వెలుగుతూనే ఉండిపోయింది.

తెల్లారేసరికి ఆ కారులో భయపడదగ్గ కరెంటేమీ మిగల్లేదు.